నాగరత్నమ్మ పద్దు పుస్తకం

కిందటేడు పుష్యమాసంలో మా పేటలో త్యాగరాజ ఆరాధన జరిపారు. చిన్న హాలు, ముందు వరుసలో పెద్దలకు కుర్చీలు, వెనుక చాపలు. సాయంత్రం ఒక అమ్మాయి పాడింది. ఇరవై ఆరు, ఇరవై ఏడేళ్లుంటాయి. బి.కాం. చదివి ఒక కంపెనీలో ఉద్యోగం చేసి, మూడేళ్ల కిందట మానేసి, పాటే బతుకు అనుకున్న పిల్ల. ఇవాళ కోలారు, రేపు హోసూరు, ఎల్లుండి తిరుపతి అని తిరుగుతూ ఉంటుంది. గొంతు బాగుంది. అంతకన్నా, తెలుగు మాట నోట్లో నలగకుండా వస్తుంది. బెంగుళూరులో పుట్టి కన్నడంలో చదువుకున్న పిల్లకు అది రావడం చిన్న సంగతి కాదు.

కచేరీకి వారం ముందు ఆ అమ్మాయి నిర్వాహకులను ఒక మాట అడిగిందట. తనకేమీ వద్దు, ఫిడేలుకూ మృదంగానికీ మాత్రం ఇంత అని ఇప్పించండి అని. దానికి కమిటీలో ఒక పెద్దాయన, “త్యాగయ్య సన్నిధిలో పాడడానికి డబ్బేమిటమ్మా? మన బెంగుళూరు నాగరత్నమ్మను చూడు. ఉన్నదంతా ఆయనకే ధారపోసింది” అన్నాడు. అమ్మాయి “సరే తాతా” అని ఊరుకుంది. కచేరీ అయ్యాక ముగ్గురికీ శాలువాలు కప్పారు, తలా ఒక పళ్ల బుట్ట ఇచ్చారు. నేను చెప్పులు వేసుకుంటూ చూశాను. మెట్ల కింద ఆ అమ్మాయి తన సంచిలోంచి నోట్లు తీసి లెక్కపెట్టి ఫిడేలు అతనికిస్తున్నది. అతను “వద్దులేమ్మా” అంటున్నాడు. “తీసుకోండన్నా, మీరు వచ్చింది బస్సులో, త్యాగయ్య భుజాల మీద కాదు కదా” అన్నది.

ఆ మాటకు నాకు నవ్వొచ్చింది, తర్వాత రాత్రి నిద్ర పట్టలేదు. నేనూ ముప్పయ్యేళ్లు మృదంగం వాయించినవాణ్ణే. పగలు కార్ఖానాలో పని, సాయంత్రాలూ సెలవులూ కచేరీలు. జీతం ఉన్నది కాబట్టి శాలువాలకు బాధపడలేదు. జీతం లేనివాళ్లు నా పక్కనే కూర్చుని వాయించారు. వాళ్ల గురించి ఎప్పుడూ గట్టిగా ఆలోచించలేదు, ఇప్పుడు చెప్పుకోవడానికి సిగ్గుగానే ఉంది.

ఆ పెద్దాయన చెప్పింది అబద్ధం కాదు. నాగరత్నమ్మ ఉన్నదంతా ధారపోసిన మాట నిజం. కాని ధారపోయడానికి ముందు చేతిలో ఉండాలి కదా. అది ఎక్కణ్ణుంచి వచ్చింది? ఈ ప్రశ్న మనం వేసుకోం. నాగరత్నమ్మ అనగానే తిరువయ్యారు, సమాధి, హారతి కనిపిస్తాయి. రైలు పెట్టెలో తంబుర పక్కన కూర్చున్న మనిషి కనిపించదు. నేను రాయాలనుకున్నది ఆ రైలు పెట్టెలోని మనిషి గురించి.

ఆమె పుట్టింది 1878లో, మైసూరు సీమలోని నంజనగూడులో. తల్లి పుట్టలక్ష్మి దేవదాసి కులస్థురాలు. తండ్రి సుబ్బారావు అనే వకీలు, కాని ఆయన వీళ్లను వదిలేశాడు. తల్లి కూతుర్ని మైసూరుకు తీసుకుపోయి గిరిభట్ట తిమ్మయ్య అనే ఆస్థాన పండితుని దగ్గర సంస్కృతం చెప్పించింది. పిల్ల చురుకు. కొన్నాళ్లకు గురువుకూ తల్లికీ మధ్య చెడింది. తల్లి కూతుర్ని తీసుకుని మైసూరు వదిలింది, చివరకు బెంగుళూరు చేరింది. ఇక్కడే మునుస్వామప్ప దగ్గర సంగీతం దొరికింది. మునుస్వామప్పది వాలాజాపేట శిష్యపరంపర, అంటే నేరుగా త్యాగరాజస్వామి ఇంటి వాకిలి నుంచి వచ్చిన దారి. తిరువయ్యారుతో ఆమె బంధం పెద్దయ్యాక కలలో మొదలైందని చాలామంది రాస్తారు. నాకైతే అది ఈ ఊళ్లో, పాఠం చెప్పించుకున్న చాప మీద మొదలైనట్టు కనిపిస్తుంది.

పదిహేనేళ్ల వయసుకే పెద్దల సభలో అరంగేట్రం చేసింది. అప్పటికే తల్లి పోయింది. ఆ వయసులో తోడుగా మిగిలింది నేర్చుకున్న విద్య ఒక్కటే.

ఇక్కడ పేరు గురించి ఒక మాట. ఆమె పుట్టింది నంజనగూడులో. బతుకులో పెద్ద భాగం మద్రాసులో. పోయింది తిరువయ్యారులో. అయినా ఆమె బెంగుళూరు నాగరత్నమ్మే. ఆ కాలపు గాయనీమణుల పేర్లు చూడండి: కోయంబత్తూరు తాయి, సేలం గోదావరి. తండ్రి ఇంటిపేరు వీళ్లకు రాదు. ఆ చోట ఊరు వచ్చి కూర్చుంది. ఊరూరా తిరిగి పాడే మనిషికి ఇది పనికొచ్చిన సంగతి కూడా. నెల్లూరులోనో మధురలోనో కరపత్రం చూసినవాడికి ఈ పాట ఎక్కణ్ణుంచి వచ్చిందో ఆ పేరే చెబుతుంది. మన ఊరి పేరు కచేరీ వేదికల మీద అన్ని ఊళ్లకు మోసుకుపోయిన తొలి మనుషుల్లో ఆమె ఒకరు. ఊరు ఆమెకేమిచ్చింది అని అడిగితే, చదువు ఇచ్చింది. అది చాలా ఎక్కువ. కాని బతుకు ఇవ్వలేదు. దానికి ఆమె రైలెక్కవలసి వచ్చింది.

అప్పటిదాకా పాటగత్తె బతుకుకు మూడు ఆధారాలు. ఒకటి గుడి, దాని మాన్యం. రెండు దర్బారు. మూడు పెళ్లిళ్లలో మేజువాణి, మన పల్లెల్లో భోగం మేళం అనేవారు. 1890ల నుంచి మూడూ కదిలిపోయాయి. సంఘసంస్కర్తలు మేజువాణీలకు వ్యతిరేకంగా ఉద్యమం చేశారు. గౌరవస్థులు పెళ్లిలో మేళం పెట్టించడం సిగ్గుగా భావించే రోజులొచ్చాయి. మైసూరు సర్కారు 1909లో ముజరాయి గుడుల్లో దేవదాసీ సేవ రద్దు చేసింది. దర్బారు మిగిలింది గాని దర్బారులో ఎందరికి చోటుంటుంది?

మైసూరు హైకోర్టు జడ్జి నరహరిరావు ఆమెను ఆదరించాడు. హనుమంతనగరు వైపు మౌంట్ జాయ్ అని పిలిచే గుట్టకు నరహరిరాయల గుడ్డ అని ఇప్పటికీ పేరుంది, ఆ నరహరిరావే. ఒకరి దయ మీద బతకడం ఆ రోజుల్లో మామూలు ఏర్పాటు. అందులో తప్పు పట్టవలసింది కూడా లేదు. అయితే ఆ ఆదరణలోనే నిలిచిపోకుండా, ఆయన సాయంతోనే మద్రాసుకు మకాం మార్చింది. జార్జిటౌనులో కాపురం. అప్పుడు మద్రాసు సంగీతమంతా జార్జిటౌనులోనే ఉండేది. వీణ ధనమ్మాళ్ అక్కడే. పాట విని మంచిచెడ్డలు చెప్పగల తెలుగు వ్యాపారులూ దుబాసీలూ అక్కడే. కొత్తగా పుట్టిన సభలూ అక్కడే.

ఈ సభ అనేది కొత్త ముచ్చట. పాట వినడానికి టిక్కెట్టు కొనుక్కునే పద్ధతి. మన బెంగుళూరులో గాయన సమాజం 1905లో వచ్చింది. రాజు ఒక్కడు ఇచ్చేదాన్ని నూరుమంది చిల్లరగా పోగుచేసి ఇస్తారు. అందులో మర్యాద తక్కువని పాత విద్వాంసులు కొందరు ముఖం చిట్లించారు. ఆడవాళ్లకు మాత్రం అందులో ఒక సుఖం ఉంది. టిక్కెట్టు కొన్నవాడు పాట వింటాడు, ఇంటికి పోతాడు. పాడిన మనిషి మీద అతనికి హక్కేమీ రాదు.

రెండో కొత్త సంగతి రైలు. బెంగుళూరు కంటోన్మెంటుకు 1864లోనే రైలొచ్చింది. 1880లలో మైసూరు దాకా పోయింది. ఆమె పాడడం మొదలుపెట్టేనాటికి దక్షిణాదిలో చెప్పుకోదగ్గ ఊళ్లన్నిటికీ పట్టాలు పడుతున్నాయి. బండి కట్టుకుని పదిరోజులు పోయే ఊరికి ఒక రాత్రిలో పోవచ్చు. రైలు లేకపోతే సొంత కాళ్ల మీద నిలబడి పాటతో బతికే స్త్రీ ఉండేది కాదని నా నమ్మకం.

మూడోది గ్రామఫోను. 1902లో కలకత్తాలో గౌహర్ జాన్ పాట పట్టుకున్నారు. ఆ దశాబ్దంలోనే దక్షిణాది గాయనీమణుల వంతు వచ్చింది. నాగరత్నమ్మ కూడా ప్లేట్లు ఇచ్చింది. సంప్రదాయపు విద్వాంసులు ఆ గొట్టంలో పాడితే గొంతు పోతుందని భయపడుతుంటే, ఈ ఆడవాళ్లు మూడు నిమిషాల్లో కృతి కుదించి పాడి, చివర తమ పేరు చెప్పి, డబ్బు తీసుకుని ఇంటికొచ్చారు. గౌహర్ జాన్ సంగతి వచ్చింది కాబట్టి చెబుతాను. దేశమంతా పేరు మోగిన ఆ గాయని చివరి రోజుల్లో మైసూరు మహారాజు కొలువులో 1928లో చేరింది. 1930 జనవరిలో మైసూరులోనే కన్నుమూసింది. ఎన్నో సంపాదించింది, చేతిలో నిలబెట్టుకోలేకపోయింది. నాగరత్నమ్మకూ ఆమెకూ మధ్య తేడా ఎక్కడుందంటే గొంతులో కాదు, పద్దు పుస్తకంలో.

నాగరత్నమ్మ తన కచేరీల లెక్క రాసి పెట్టుకున్న మనిషి. 1905 నుంచి 1934 దాకా ముప్పయ్యేళ్లలో పన్నెండు వందలకు పైగా కచేరీలు, నూట యాభైకి దగ్గరగా ఊళ్లు. ఏడాదికి సరాసరి నలభై పడుతుంది. నెలకు మూడు పైన. వినడానికి పెద్ద సంఖ్యగా లేదు కదూ? వాయించినవాడిగా చెబుతున్నాను, అది చాలా పెద్ద సంఖ్య.

ఎందుకో చూడండి. మన పంచాంగంలో పాటగాడికి పంట నెలలు వేరు, కరువు నెలలు వేరు. చైత్రంలో రామనవమి, తర్వాత వైశాఖ జ్యేష్ఠాల్లో పెళ్లిళ్లు. ఆషాఢం ఎండిపోతుంది. శ్రావణంలో కాస్త తడి. భాద్రపదంలో చవితి పందిళ్లు, ఆ తర్వాత పితృపక్షం, ఎవరూ పిలవరు. దసరాకు మళ్లీ ఊపిరి. కార్తీకం, మార్గశిరం ఏదో గడుస్తాయి. పుష్యం శూన్యమాసం. అంటే ఏడాదిలో నాలుగైదు నెలలు గడపలో ఎవరూ అడుగు పెట్టరు. ఆ నలభై కచేరీలూ మిగిలిన నెలల్లో కుక్కుకోవాలి. మూడు రోజులు వరుసగా మూడు ఊళ్లు. పగలు రైలు, రాత్రి పాట. గొంతు బాగులేదని వేడినీళ్లు మింగి కూర్చుంటే వచ్చే కచేరీ పోతుంది, దాని వెనకది కూడా పోతుంది.

పైగా పాడే మనిషి ఒక్కతే పోదు. ఫిడేలు, మృదంగం, తంబుర వేసే పిల్ల, వెంట ఒక పెద్దతోడు. ఆడమనిషి కాబట్టి ఆ తోడు తప్పదు. వాళ్లందరికీ రైలు చార్జీలు, తిండి, బస. తంబుర బుర్రకు దెబ్బ తగలకుండా మోసే కూలీ. మా మృదంగాల సంగతి చెప్పాలంటే, కుడి మూత మీద నల్ల కరణి పెచ్చులూడితే కొత్తది వేయించే దాకా వాయిద్యం పనికిరాదు. వానాకాలం తోలు సాగుతుంది, ఎండకు బిగిసి పగులుతుంది. నేను బళేపేటలో మూతలు వేయించుకోవడానికి పెట్టిన డబ్బు కూడబెడితే ఇంకో గది కట్టుకునేవాణ్ణి అని మా ఇంటావిడ ఇప్పటికీ అంటుంది. ఇవన్నీ పోను మిగిలిందే పాడిన మనిషిది. ఆ మిగిలినదాంట్లోంచి శూన్యమాసాలకు దాచుకోవాలి.

మా గురువుగారు ఏ ఊరి కచేరీకి పోయినా రాత్రి పడుకోబోయే ముందు చిన్న నోటుపుస్తకం తీసేవారు. ఎడమవైపు రాబడి, కుడివైపు ఖర్చు. మేము అలసిపోయి పడుకుంటే, “లేచి రాసుకో నాయనా. పొద్దున్నే రాద్దామంటే కాఫీ డబ్బులు మరిచిపోతావు” అనేవారు. అప్పుడు నవ్వుకునేవాళ్లం. ఇంత విద్వాంసుడికి కాఫీ లెక్కలేమిటని. ఆయన పోయాక ఆ పుస్తకాలు చూశాను. రాబడి గడిలో ‘శాలువ’ అని రాసిన పేజీలు ఎన్నో. ఒక్కో చోట పక్కనే ‘తల్లికి మందులు, అప్పు’ అని ఉంది.

నాగరత్నమ్మ మద్రాసులో ఆదాయపన్ను కట్టిన తొలి మహిళా కళాకారుల్లో ఒకరని చెబుతారు. ఈ ఒక్క విషయం నాకు ఎంతో నచ్చుతుంది. పన్ను కట్టడమంటే సర్కారు పుస్తకంలోకి ఎక్కడం. ఫలానా ఆడమనిషి, వృత్తి సంగీతం, ఆదాయం ఇంత అని. దేవదాసి అని కాదు, ఫలానావారి ఆదరణలో ఉన్నదని కాదు. 1927 తర్వాత ముత్తులక్ష్మీరెడ్డిగారు దేవదాసీ పద్ధతి రద్దు కోసం శాసనసభలో పనిచేసినప్పుడు దాన్ని ఎదిరించిన దేవదాసీల్లో నాగరత్నమ్మ కూడా ఉంది. చిన్నపిల్లల్ని గుడికి అంకితం చేయడం ఆపవలసిందే, అందులో ముత్తులక్ష్మిగారి వైపే న్యాయముంది. 1947లో మద్రాసులో చట్టం కూడా వచ్చింది. కాని కష్టపడి పాడి, పన్ను కట్టి, ఇల్లు నడుపుకుంటున్న మనుషులను కూడా ఆ ఒక్క మాట కింద కట్టి చెడ్డవాళ్లనడం వాళ్లకు ఎంత మండి ఉంటుందో ఊహించవచ్చు.

ఆ సంపాదనలో కొంత పుస్తకాల మీదికి పోయింది. ముద్దుపళని రాసిన ‘రాధికా సాంత్వనము’ సంగతి మన పత్రికల్లో చాలాసార్లు వచ్చింది కాబట్టి క్లుప్తంగా చెబుతాను. ముద్దుపళని 18వ శతాబ్దంలో తంజావూరు ప్రతాపసింహుని ఆస్థానంలో ఉన్న కవయిత్రి, తానూ ఆ కులంలో పుట్టినదే. 1887లో అచ్చయిన ప్రతిలో ఆమె తన వంశం చెప్పుకున్న భాగాలూ కొన్ని పద్యాలూ ఎగరగొట్టారు. నాగరత్నమ్మ రాతప్రతి సంపాదించి, సరిచూసి, 1910లో వావిళ్లవారి ద్వారా పూర్తి పాఠం అచ్చు వేయించింది. కందుకూరి వీరేశలింగంగారు ఆ కావ్యాన్ని తప్పుపట్టారు, ఈమె తగిన జవాబు రాసింది. 1911లో సర్కారు ప్రతులు పట్టుకుపోయింది. 1947లో టంగుటూరి ప్రకాశంగారు ప్రధానిగా ఉన్నప్పుడు గాని నిషేధం తొలగలేదు. ముప్పయ్యారేళ్లు. ఒక ఆస్థాన గాయనిగా ఉండి ఉంటే ఇంత సాహసం చేసేదా? రాజుకు కోపం వస్తే వర్షాసనం ఆగిపోతుంది. టిక్కెట్టు కొనేవాళ్లు ఆ ఏడాది కూడా టిక్కెట్టు కొన్నారు, ఆమె పాడింది.

ఇక తిరువయ్యారు.

త్యాగరాజస్వామి 1847 జనవరిలో సిద్ధిపొందారు. కావేరి ఒడ్డున సమాధి. తర్వాత శిష్యులు ఎక్కడివాళ్లు అక్కడ చెదిరారు. సమాధి తుప్పల్లో కలిసిపోయింది. 20వ శతాబ్దం తొలి ఏళ్లలో ప్రశిష్యులు బాగుచేసి ఏటా ఆరాధన మొదలుపెట్టారు. వాళ్లలో వాళ్లకు పడక పెద్ద కక్షి, చిన్న కక్షి అని రెండుగా చీలిపోయారు. ఇద్దరూ వేర్వేరుగా ఉత్సవాలు చేసుకుంటూ సమాధి ఆలనాపాలనా మరిచారు. 1921లో మైసూరు నుంచి బిడారం కృష్ణప్పగారు అక్కడికి పోయి, ఆ పాడుబడిన తీరు చూసి మనసు కలతపడి నాగరత్నమ్మకు ఉత్తరం రాశారు. ఆమె ఆయన్ను గురువుగా భావించేది.

ఉత్తరం చదివి ఏడ్చినవాళ్లు ఇంకా ఎందరుంటారో. ఆమె పోయి ఆ స్థలం ఎవరిదో విచారించి, మాట్లాడి, సంపాదించింది. నగలు అమ్మింది. సమాధి మీద గుడి కట్టించింది, త్యాగరాజస్వామి విగ్రహం చేయించింది, నిత్యపూజకు ఏర్పాటు చేసింది. 1921లో శంకుస్థాపన, 1926లో కుంభాభిషేకం. మధ్యలో నాలుగేళ్లు ఎందుకు పట్టిందని నన్నడిగితే, కచేరీ డబ్బుతో కట్టే గుడి అలాగే లేస్తుందని చెబుతాను. ఒక దసరా బాగా నడిస్తే రెండు వరుసలు లేస్తుంది. ఆషాఢంలో మేస్త్రీ ఇంటికి పోతాడు. ఆ నగలు కూడా ఎవరో రాజు మెచ్చి వేసినవే అనుకోనక్కరలేదు. మన ఆడవాళ్లకు ఆ రోజుల్లో బ్యాంకు అంటే మెడలోనిదే.

గుడి కట్టింది ఆమె. ఆరాధన రోజున ఆ గుడి ముందు పాడడానికి మాత్రం ఆమెకు వీల్లేదు. రెండు కక్షులకూ ఏ విషయంలోనూ పొత్తు కుదరలేదు గాని, ఆడవాళ్లు పాడకూడదన్న దగ్గర ఇద్దరూ ఒకటే. తన డబ్బుతో లేచిన గోడ వెనుక నిలబడి మగవాళ్ల పాట వినవలసి వచ్చింది.

1927 నుంచి ఆమె ఏం చేసిందంటే, గుడి వెనుక భాగంలో వేరే ఆరాధన మొదలుపెట్టింది. ఆడవాళ్లే పాడతారు, ఆడవాళ్లే నడుపుతారు. ‘పెణ్గళ్ కక్షి’ అన్నారు, అంటే ఆడవాళ్ల కక్షి. దక్షిణాదిలో ఊరూరా తిరిగి పాడే స్త్రీలు తమ ఖర్చుతో అక్కడికి వచ్చారు. మన లెక్కలో పుష్య బహుళ పంచమి శూన్యమాసంలో పడుతుంది. పెళ్లి మేళాలు ఉండవు, చేతిలో పని ఉండదు. పని లేని నెలలో సొంత డబ్బు పెట్టుకుని కావేరి ఒడ్డుకు వచ్చి పాడిన ఆ ఆడవాళ్ల పేర్లు చాలావరకు మనకు దక్కలేదు.

పద్నాలుగేళ్లు ఇలాగే గడిచాయి. ఒకే గురువుకు మూడు ఆరాధనలు. 1940, 41 నాటికి ఐ.సి.ఎస్. అధికారి ఎస్.వై. కృష్ణస్వామి వంటివాళ్లు మధ్యలో కూర్చుని కక్షులను కలిపారు. ఆడవాళ్లకు గుడి ముందు చోటు దొరికింది. ఈనాడు వందలమంది ఆడామగా కలిసి కూర్చుని పంచరత్నాలు పాడే దృశ్యం మనం టీవీలో చూస్తాం. అది అనాదిగా వచ్చిన ఆచారమేమీ కాదు. దాని వెనుక గుడి వెనక్కి నెట్టబడి కూడా పాట మానని పద్నాలుగేళ్ల మొండితనం ఉంది.

ఇక్కడ నేను మా కమిటీ పెద్దాయనతో వాదం పెట్టుకోవాలి. తిరువయ్యారులో ఎవరికీ పైకం ఇవ్వరు. ఎంత పెద్ద విద్వాంసుడైనా తన ఖర్చుతో పోయి, ఇచ్చిన కొన్ని నిమిషాల్లో పాడి రావలసిందే. అది మంచి ఆచారం. త్యాగయ్య ఉంఛవృత్తి చేసుకుని బతికిన మనిషి, ధనాన్ని కాదన్న కళ్యాణి కీర్తన ఆయనదే. కాని ఉంఛవృత్తి ఆయన తన కోసం తాను ఎంచుకున్నది, పక్కవాడి నెత్తిన పెట్టలేదు. ఊరివాళ్లు ఆయన పాత్రలో బియ్యం పోసేవారు, శాలువ కప్పి పంపలేదు. నాగరత్నమ్మ తిరువయ్యారులో ఉచితంగా పాడింది. మద్రాసులో, మధురలో, మిగతా ఊళ్లలో డబ్బు పుచ్చుకుని పాడింది. రెండో పని చేసింది కాబట్టే మొదటిది చేయగలిగింది. మా పేట హాలు తిరువయ్యారు కాదు. హాలుకు అద్దె ఇచ్చాం, మైకుకు ఇచ్చాం, పూలకు ఇచ్చాం, ప్రసాదం వండిన వంటవాడికి ఇచ్చాం. నాగరత్నమ్మ పేరు ఫిడేలు అతని దగ్గరకు వచ్చేసరికే గుర్తుకొచ్చింది.

చివరి ఏళ్లలో ఆమె మద్రాసు వదిలి తిరువయ్యారులోనే ఉండిపోయింది. 1949లో వీలునామా రాసింది. మిగిలిన ఆస్తి అంతా ‘విద్యాసుందరి బెంగుళూరు నాగరత్నమ్మాళ్ ట్రస్టు’కు. దానికి ఒక షరతు పెట్టింది: ఆరాధనలో ఆడవాళ్లకు, దేవదాసీలతో సహా, మగవాళ్లతో సమానంగా పాడే హక్కుండాలి. ఇచ్చేసి ఊరుకున్న మనిషి రాత కాదు అది. ఇచ్చిన డబ్బు ఎటు పోవాలో చివరి పైసా దాకా చూసుకున్న మనిషి రాత. ట్రస్టు పేరులో కూడా ‘బెంగుళూరు’ను వదల్లేదు చూడండి. 1952 మే 19న పోయింది. త్యాగయ్య సమాధికి దగ్గర్లోనే ఆమెకూ సమాధి కట్టారు.

ఈ సంగతులన్నీ ఆ రాత్రి తలలో తిరిగాయి. మర్నాడు ఆ అమ్మాయికి ఫోను చేశాను. “తిరువయ్యారుకు వస్తావా అమ్మా, ఈసారి ఆరాధన అయ్యాక, జనం తగ్గాక?” అన్నాను. “మృదంగం తెస్తారా మామా?” అన్నది. చేతులు ఇప్పుడు వణుకుతున్నాయి, అయినా తెస్తానన్నాను.

మైసూరు నుంచి మయిలాడుతురైకి పోయే రైల్లో ఎక్కాం. హోసూరు దాటాక తెల్లవార్లూ ఆమె నాకు తన లెక్కలు చెప్పింది. పోయిన ఏడాది ముప్పయ్యొక్క కచేరీలు. అందులో పైకం వచ్చినవి పద్దెనిమిది. మిగిలినవి శాలువాలు. ఇంట్లో శాలువాల బీరువా నిండింది, కుట్టుకునే వీలుంటే పరదాలు కుట్టించేదాన్ని అన్నది. పిల్లలకు పాఠాలు చెబుతుంది, అదే అద్దె కడుతుంది. “లెక్క రాస్తున్నావా?” అంటే ఫోనులో చూపింది. ఊరు, తేదీ, వచ్చినది, పోయినది. మా గురువుగారి గడులే.

తంజావూరులో దిగి బస్సులో పది పన్నెండు కిలోమీటర్లు. మధ్యాహ్నం ఎండ. కావేరిలో నీళ్లు సన్నగా ఉన్నాయి. సమాధి దగ్గర నలుగురైదుగురు తప్ప ఎవరూ లేరు. త్యాగయ్యకు ఎదురుగా నాగరత్నమ్మ విగ్రహం చేతులు జోడించుకుని కూర్చుని ఉంది. అమ్మాయి నేల మీద కూర్చుని శ్రుతి పెట్టె ఆన్ చేసింది. నాకు ఎడమ మూతకు రవ్వ ముద్ద అంటించుకోవడానికి కాస్త నీళ్లు కావలసి వచ్చాయి, కావలి ఉన్నతను చెంబుతో తెచ్చిచ్చాడు. రెండు కృతులు పాడింది. గుడి ముందే. ఎవరూ అడ్డు చెప్పలేదు.

తిరుగు రైల్లో పడుకోబోయే ముందు అమ్మాయి ఫోను తీసింది. తిరువయ్యారు అని రాసి, రాబడి దగ్గర సున్నా వేసి, ఖర్చు దగ్గర రైలు, బస్సు, రెండు భోజనాలు రాసింది. కాసేపాగి, “మామా, తంజావూరులో కాఫీ ఎంతైంది?” అని అడిగింది.